పాత స్పెక్ట్రమ్ తెర మీద కళింగపట్నం సూర్యోదయం: రంగులు, స్పష్టత పెంచే సమగ్ర మార్గదర్శి

అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 192 చుక్కలు, మొత్తం 15 రంగులు. 1982లో సింక్లెయిర్ సంస్థ జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్‌కి ఇచ్చిన ఆస్తి ఇంతే. అందులోనూ ఒక మెలిక ఉంది. తెరను 8×8 చుక్కల గడులుగా విడదీసి, గడికి రెండే రంగులని నియమం పెట్టారు. నీలి ఆకాశంలోకి పచ్చని కొబ్బరి మట్ట ఒకటి చొచ్చుకువచ్చి, దాని పక్కనే పసుపు సూర్యబింబం తగిలిందంటే ముగ్గురిలో ఒకరు ఆ గడి ఖాళీ చేయాల్సిందే.

1980ల్లో డెసి బెల్స్ సంస్థ లైసెన్సుతో మన దేశంలో అమ్మిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ లోపలా ఉన్నది ఈ యంత్రమే. ఇంట్లో అటక మీదో, శ్రీకాకుళంలో ఏ పాత సామాను కొట్లోనో ఒకటి చేతికి చిక్కి, అది ఇంకా పలుకుతూ ఉంటే, దాని తెర మీద ఎంత పని చేయించవచ్చో చూద్దాం.

ఈ యంత్రానికి రంగులు తక్కువ అనే మాట సగమే నిజం. గడికి రెండు రంగులన్న హద్దు ఒక్కో క్షణానికి సంబంధించినది. టీవీ బొమ్మను ఒక్క దెబ్బన వేయదు, పై నుంచి కిందికి గీత తరవాత గీత గీస్తూ వస్తుంది. ఒక గీత ముగిసి తరవాతి గీత మొదలయ్యే లోపు ప్రాసెసర్‌కి కాస్త వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలో గడి రంగు మార్చేస్తే కింది గీత కొత్త రంగులో పడుతుంది. ఈ పనికి కొత్త చిప్పు ఏదీ అక్కరలేదు. లెక్క తప్పకుండా ఉంటే చాలు.

అభ్యాసానికి ఒక బొమ్మ అనుకుందాం: కళింగపట్నం తీరం, తెల్లవారుజాము. వంశధార సముద్రంలో కలిసే చోటు. తూర్పున బంగాళాఖాతం మీద ఆకాశం నలుపు నుంచి నీలం, ఊదా, ఎరుపు, పసుపులోకి దిగుతుంది. దానికి ఎదురుగా నల్లని నీడలా దీపస్తంభం, రెండు పక్కలా కొబ్బరి చెట్లు. ఈ దృశ్యాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులో రంగు పై నుంచి కిందికి మాత్రమే మారుతుంది, అడ్డంగా మారదు. స్పెక్ట్రమ్ చేత చేయించుకోవడానికి ఇంతకన్నా అనువైన దృశ్యం దొరకదు.

మొదటి మెట్టు: వైరు

ప్రోగ్రాం జోలికి పోకముందు టీవీకి వెళ్లే వైరు చూడండి. ఈ యంత్రం బొమ్మను యూహెచ్‌ఎఫ్ 36వ చానెల్ మీద, యాంటెన్నా తీగ గుండా పంపుతుంది. ఇలా వచ్చిన బొమ్మలో ఇసుక చల్లినట్లు గరుకు ఉంటుంది. రంగుల అంచులు పారిపోతాయి. వెనక రంగులు ఎంత నేర్పుగా కలిపినా ఇక్కడే సగం పోతుంది.

దీనికి మందు కాంపోజిట్ మార్పు, అంటే బొమ్మను యాంటెన్నా దారిన కాక నేరుగా టీవీ ఏవీ సాకెట్‌కి పంపడం. యంత్రం లోపల పైమూలలో ఉండే చిన్న వెండిరంగు డబ్బా మాడ్యులేటర్, బొమ్మను చానెల్ సిగ్నల్‌గా మార్చేది ఇదే. బోర్డు నుంచి దానిలోకి రెండు వైర్లు వెళ్తాయి. ఒకటి 5 వోల్టుల కరెంటు, రెండోది వీడియో. రెండింటినీ డబ్బా దగ్గర ఊడదీయండి. 5 వోల్టుల వైరు కొసకు టేపు చుట్టి పక్కన పెట్టండి. డబ్బా లోపల సాకెట్ నడిమి పిన్నుకు తగిలి ఉన్న రెసిస్టర్ కాలు విడదీసి, వీడియో వైరును 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా ఆ నడిమి పిన్నుకు కలపండి. ఇక ఆ సాకెట్ నుంచి టీవీ పసుపు ఏవీ సాకెట్‌కి మామూలు వైరు సరిపోతుంది. సోల్డరింగ్ అలవాటు లేకపోతే ఊళ్లో టీవీ బాగుచేసే మెకానిక్‌కి ఈ పేరా చదివి వినిపించండి, అరగంట పని. బోర్డును కోయవద్దు, దేన్నీ పీకి పారేయవద్దు. రేపు ఎవరైనా పాత స్థితికి తేవాలనుకుంటే వీలుండాలి.

అడాప్టర్ విషయంలో జాగ్రత్త. దీనికి 9 వోల్టుల డీసీ కావాలి, ప్లగ్గు నడిమి భాగం మైనస్. బజారులో దొరికేవాటిలో ఎక్కువ భాగం నడిమి ప్లస్‌వే. మీటరు పెట్టి చూడకుండా గుచ్చితే మెమరీ చిప్పుల మీద ఆశ వదులుకోవచ్చు. తీరానికి దగ్గరగా ఉండేవారు మరొక పని చేయాలి. ఉప్పుగాలికి వెనకవైపు ఎడ్జ్ కనెక్టర్ మీద పచ్చని చిలుము పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి.

టీవీ ఏది? గాజు గొట్టం ఉన్న పాత టీవీయే. ఇది వ్యామోహం కాదు. కొత్త ఎల్‌ఈడీ టీవీలు చాలావరకు ఈ సిగ్నల్‌ను రెండు సగాలుగా విడివడిన ప్రసారమని పొరబడి, గీతలను తమ ఇష్టం వచ్చినట్లు కలిపేస్తాయి. గీతల మీదే బతికే పద్ధతులకు అది చేటు. 14 అంగుళాల పాత కలర్ టీవీని ఎవరైనా పారేస్తుంటే తెచ్చుకోండి. దాని వెనక మూత మాత్రం తెరవకండి, పిక్చర్ ట్యూబు దగ్గర వేల వోల్టులు ఉంటాయి.

రెండో మెట్టు: గడుల లెక్క

తెర మెమరీ 16384 నుంచి మొదలవుతుంది. మొదటి 6144 బైట్లు చుక్కలు. ఆ తరవాత 22528 నుంచి 768 బైట్లు గడుల రంగులు, అంటే 32 నిలువు వరసలు, 24 అడ్డ వరసలు. ఒక్కో గడికి ఒక్కో బైటు. అందులో చుక్క రంగు 0 నుంచి 7 దాకా, నేపథ్యం రంగు దానికి ఎనిమిది రెట్లు, మెరుపు కావాలంటే 64 అదనం, మినుకు మినుకుమనాలంటే 128 అదనం. రంగుల వరస ఇది: 0 నలుపు, 1 నీలం, 2 ఎరుపు, 3 ఊదా, 4 ఆకుపచ్చ, 5 లేతనీలం, 6 పసుపు, 7 తెలుపు. ఈ వరసను గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది. మెరుపు గడి మొత్తానికి వర్తిస్తుంది, చుక్కకు ఒకటి నేపథ్యానికి ఒకటి కుదరదు.

బొమ్మను ముందు కాగితం మీద వేయండి. బడిలో వాడే గ్రాఫు కాగితం పనికిరాదు, దానిలో పెద్ద గడికి పది చిన్న గడులు ఉంటాయి. మనకు ఎనిమిది కావాలి. లెక్కల గళ్ల పుస్తకం తీసుకుని ప్రతి ఎనిమిదో గీత ఎర్ర సిరాతో దిద్దుకోండి. ఇప్పుడు దీపస్తంభాన్ని సరిగ్గా 16 చుక్కల వెడల్పుతో, ఎర్ర గీతల మధ్యే నిలబెట్టండి. నాలుగు చుక్కలు పక్కకు జరిగినా అది మూడు గడుల్లో కాలు పెడుతుంది.

ఈ బొమ్మలో అసలు ఎత్తుగడ నీడ. దీపస్తంభం, చెట్లు, పడవ, అన్నీ నల్లని చుక్కలు. నేపథ్యం ఏ రంగైనా చుక్క రంగు ఎప్పుడూ 0. అప్పుడు రెండు రంగుల నియమం మన మెడకు చుట్టుకోదు, రెండో రంగు పూర్తిగా ఆకాశానికే మిగులుతుంది.

మూడో మెట్టు: లేని రంగులు పుట్టించడం

పొందూరు చేనేతలో పడుగు ఒక రంగు, పేక మరొక రంగు అయితే బట్ట మూడో రంగులో కనిపించడం చూసే ఉంటారు. రెండు రంగుల చుక్కలను పక్కపక్కన పేర్చి మూడో రంగు రప్పించడం ఇలాంటిదే. కాకపోతే టీవీకి సొంత చాదస్తాలు ఉన్నాయి, వాటిని ఎరిగి పేర్చాలి.

చదరంగం బల్లలా ఒక చుక్క విడిచి ఒక చుక్క పేర్చడం అందరికీ ముందుగా తోచే పద్ధతి. కాంపోజిట్ వైరు మీద ఇది బెడిసికొడుతుంది. స్పెక్ట్రమ్ సెకనుకు 70 లక్షల చుక్కల వేగంతో గీస్తుంది. చుక్క విడిచి చుక్క అంటే 3.5 మెగాహెర్ట్జ్ అల. మన దేశంలో వాడిన పాల్ పద్ధతి రంగుల టీవీలో రంగు సమాచారం 4.43 మెగాహెర్ట్జ్ చుట్టూ ప్రయాణిస్తుంది. ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉండటం వల్ల, నలుపు తెలుపు చుక్కలను చూసి టీవీ అదేదో రంగు అనుకుంటుంది. తెర మీద ఇంద్రధనుస్సు పాకుతుంది. రెండేసి చుక్కల వెడల్పుతో పేరిస్తే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

అంతకన్నా మంచిది అడ్డగీతల పద్ధతి, అంటే ఒక గీత ఒక రంగు, దాని కింది గీత మరో రంగు. పాల్ టీవీ ప్రతి గీత రంగునూ పై గీత రంగుతో సగం సగం కలిపి చూపిస్తుంది. రంగులో తప్పులు రాకుండా ఆ వ్యవస్థను రూపొందించినవారు చేసిన ఏర్పాటు అది, మనకు ఉచితంగా రంగులు కలిపిపెట్టే యంత్రమైంది. అయితే కలిసేది రంగు మాత్రమే, వెలుగు కలవదు. రెండు రంగుల వెలుగులో తేడా ఎక్కువైతే గీతలు గీతల్లాగే కనిపిస్తాయి.

ఇందాక గుర్తుంచుకోమన్న రంగుల వరస ఇక్కడ అక్కరకొస్తుంది. 0 నుంచి 7 దాకా ఉన్న ఆ అంకెలు వెలుగు పెరిగే క్రమంలోనే ఉన్నాయి. అందుకే నలుపు తెలుపు టీవీలో స్పెక్ట్రమ్ రంగులు చక్కని బూడిద మెట్లుగా కనిపిస్తాయి. పక్కపక్క అంకెలున్న రంగులు బాగా కలుస్తాయి: ఎరుపుతో ఊదా, నలుపుతో నీలం. నీలంతో పసుపు కలిపితే మాత్రం గళ్ల లుంగీ తయారవుతుంది.

స్పష్టత గురించీ ఇక్కడే ఒక మాట. 256 చుక్కల్లో తెలుగు అక్షరం రాయాలంటే 8×8 గడి చాలదు. 'కళింగపట్నం' అన్న పేరులో గుడి పైకి పోతుంది, ట కింద న వత్తు వేలాడుతుంది. అక్షరానికి కనీసం 16 చుక్కల వెడల్పు, వత్తుతో కలిపి 24 చుక్కల ఎత్తు కేటాయించండి. నిలువు గీతలను రెండు చుక్కల మందంతో వేయండి. ఒక్క చుక్క మందం గీత పైన చెప్పిన కారణంగానే రంగు తిరుగుతుంది. రెండు చుక్కలైతే నిలకడగా ఉంటుంది. మన అక్షరాల వంపుల దగ్గర అంచు చుక్కలు టీవీలో కాస్త అలుక్కుపోవడం నిజానికి మేలే, మెట్లు మెట్లుగా ఉన్న వంపు నునుపుగా కనిపిస్తుంది.

నాలుగో మెట్టు: గీతకొక రంగు

అసలు పని ఇది. లెక్క ఒకసారి నింపాదిగా చూద్దాం.

48కే స్పెక్ట్రమ్‌లో జడ్80 ప్రాసెసర్ 3.5 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. దాని ఒక్కో అడుగును టీ-స్టేట్ అంటారు. టీవీ ఒక గీత గీయడానికి 224 టీ-స్టేట్లు పడతాయి. అందులో 128 బొమ్మ, 24 కుడి అంచు, 48 కిరణం వెనక్కి మళ్లడానికి, 24 ఎడమ అంచు. తెర మొత్తానికి 312 గీతలు, అంటే 69888 టీ-స్టేట్లు. ప్రతి తెరకూ మొదట్లో ప్రాసెసర్‌కి ఒక ఇంటరప్ట్, అంటే చేస్తున్న పని ఆపి ఇటు చూడమనే పిలుపు, వస్తుంది. అక్కడి నుంచి 64 గీతలు దాటాక, అంటే 14336వ టీ-స్టేట్ దగ్గర, బొమ్మ మొదటి చుక్క పడుతుంది.

బొమ్మ గీస్తున్న 128 టీ-స్టేట్ల సేపు తెర మెమరీని బొమ్మ గీసే యూఎల్‌ఏ చిప్పు తన గుప్పిట్లో పెట్టుకుంటుంది. ప్రాసెసర్ ఆ సమయంలో అక్కడ రాయబోతే కాసేపు ఆగమంటుంది. ఎంతసేపు ఆపుతుందో క్షణానికొక రకం, దాంతో లెక్క చెదురుతుంది. కాబట్టి ఆ జోలికి పోవద్దు. మిగిలిన 96 టీ-స్టేట్లలోనే పని ముగిద్దాం. మెమరీలో రాయడానికి జడ్80 దగ్గర అన్నిటికన్నా వేగమైన ఆదేశం పుష్. 11 టీ-స్టేట్లలో రెండు బైట్లు రాస్తుంది. ఎనిమిది పుష్‌లు 88 టీ-స్టేట్లు, 16 గడులు. ఎనిమిది టీ-స్టేట్లు చేతిలో మిగులుతాయి. ఇంటరప్ట్ అందుకోవడంలో రాగల మూడు టీ-స్టేట్ల తేడాను ఆ మిగులు మింగేస్తుంది.

అంటే తెర మధ్యలో 16 గడుల వెడల్పున, 8వ నిలువు వరస నుంచి 23వ వరస దాకా, ప్రతి గీతకూ కొత్త రంగు. రెండు పక్కలా మిగిలిన ఎనిమిదేసి వరసల్లో కొబ్బరి చెట్లను దట్టంగా నలుపులో నింపేయండి. పరిమితి కాస్తా బొమ్మకు చట్రమైపోతుంది. తెర నిండా ఇలా చేసే ప్రోగ్రాంలూ ఉన్నాయి, కానీ వాటిలో ఆగమనే సమయాన్ని కూడా లెక్కలో కలుపుకోవాలి. మొదటిసారికి ఇది చాలు.

ఒక్కో గీతకు కావలసిన పని: పుష్ ఎక్కడ రాయాలో చూపే స్టాక్ పాయింటర్‌ను ఆ వరస చివరికి పెట్టడం 10 టీ-స్టేట్లు, రంగును ప్రాసెసర్ లోపలి గూడు అయిన రిజిస్టర్‌లో నింపడం 10, పుష్‌లు 88. మొత్తం 108. ఇక 116 మిగులుతాయి. ఏ పనీ చేయని ఆదేశానికి 4 చొప్పున 29 పెడితే సరిగ్గా 224. గీతకు 43 బైట్లు, ఆకాశానికి 96 గీతలు, మొత్తం 4128 బైట్లు.

మెషీన్ కోడ్ తయారుచేసే అసెంబ్లర్ ప్రోగ్రాం అక్కరలేదు, బేసిక్‌లో పోక్ ఆదేశంతో ఒక్కో చిరునామాలో ఒక్కో అంకె వేస్తూ పోతే చాలు. ముందుగా క్లియర్ 32767 ఇవ్వండి. 32768 కింది మెమరీ యూఎల్‌ఏ గుప్పిట్లోది, మన కోడ్ అక్కడ ఉండకూడదు.

32768 నుంచి ఈ 13 బైట్లు వేయండి:

237, 115, 96, 234, 1, 78, 2, 11, 120, 177, 194, 7, 128

మొదటి నాలుగూ స్టాక్ పాయింటర్‌ను 60000 దగ్గర దాస్తాయి. మిగిలినవి 24 టీ-స్టేట్ల చుట్టును 590 సార్లు తిప్పి, బొమ్మ మొదలయ్యే క్షణం దాకా కాలక్షేపం చేస్తాయి.

తరవాత 32781 నుంచి గీతల బైట్లు. బేసిక్‌లో 0 నుంచి 95 దాకా ఫర్ చుట్టు రాసి, ప్రతి గీతకూ చిరునామా 32781కి గీత సంఖ్యను 43తో గుణించి కలపండి. అక్కడ వరసగా: 49, స్టాక్ చిరునామా కింది బైటు, పై బైటు, 33, రంగు బైటు, మళ్లీ అదే రంగు బైటు, 229 ఎనిమిది సార్లు, 0 ఇరవై తొమ్మిది సార్లు. స్టాక్ చిరునామా ఎలాగంటే, గీత సంఖ్యను 8తో భాగించి, శేషం వదిలేసి, వచ్చిన వరసను 32తో గుణించి 22552 కలపండి. పుష్ వెనక్కి నడుస్తూ రాస్తుంది కాబట్టి చివరి గడి తరవాతి చిరునామా ఇస్తున్నాం. 256తో భాగిస్తే వచ్చేది పై బైటు, మిగిలేది కింది బైటు.

గీతలన్నీ అయ్యాక 36909 నుంచి:

237, 123, 96, 234, 251, 201

దాచిన స్టాక్ పాయింటర్ తిరిగి వచ్చి, ఇంటరప్ట్‌లు తెరుచుకుని, పని ముగుస్తుంది.

ఇక ఇంటరప్ట్‌ను మన వైపు మళ్లించాలి. 65024 నుంచి 65280 దాకా 257 బైట్లలో 253 నింపండి. 65021 నుంచి 195, 0, 128 వేయండి. 61000 నుంచి ఈ పది:

62, 254, 237, 71, 237, 94, 251, 118, 24, 253

యంత్రం మామూలుగా ఇంటరప్ట్ వచ్చినప్పుడల్లా కీబోర్డు చూసే పని పెట్టుకుంటుంది. దానికి పట్టే సమయం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. మనకు ప్రతిసారీ తేడా లేని కచ్చితమైన సమయం కావాలి కాబట్టి ఆ దారి మూసేస్తున్నాం. అందువల్ల ఈ ప్రోగ్రాం నడుస్తుండగా కీబోర్డు పలకదు. ఆపాలంటే స్పెక్ట్రమ్ ప్లస్ పక్కనున్న రీసెట్ మీటే దిక్కు, అది మెమరీని తుడిచేస్తుంది. కాబట్టి రాండమైజ్ యూఎస్ఆర్ 61000 కొట్టే ముందే అంతా సేవ్ చేసుకోండి.

రంగుల పంపకం నేనైతే ఇలా చేస్తాను. చుక్క రంగు 0 కాబట్టి నలుపు 0, నీలం 8, ఎరుపు 16, ఊదా 24, పసుపు 48, మెరిసే పసుపు 112. మొదటి 12 గీతల్లో నాలుగింటికి ఒకటి నీలం, మిగిలినవి నలుపు. తరవాతి 12 గీతల్లో ఒకటి విడిచి ఒకటి. ఆపైన 8 గీతల్లో నాలుగింటికి మూడు నీలం. 32 నుంచి 39 దాకా అచ్చంగా నీలం. 40 నుంచి 55 దాకా నీలం, ఊదా ఒకదాని తరవాత ఒకటి. 56 నుంచి 63 ఊదా. 64 నుంచి 75 ఊదా, ఎరుపు మార్చి మార్చి, ఈ పట్టీ టీవీ మీద ఎంత మెత్తగా కలుస్తుందో చూడాల్సిందే. 76 నుంచి 83 ఎరుపు. 84 నుంచి 91 ఎరుపు, పసుపు. చివరి నాలుగు గీతలు మెరిసే పసుపు. ఎరుపుకూ పసుపుకూ వెలుగులో తేడా ఎక్కువ కాబట్టి అక్కడ చారలు కనిపిస్తాయి. కనిపించనివ్వండి, సముద్రం అంచున పొద్దుటి మబ్బు ఎలాగూ చారలు చారలుగానే ఉంటుంది.

ఒక్క గీత రంగు నచ్చకపోతే మొత్తం మళ్లీ రాయనక్కరలేదు. ఆ గీత చిరునామాకు 4, 5 కలిపిన చోట్ల కొత్త రంగు పోక్ చేయండి.

తేడా వస్తే

అసలు యంత్రం మీదికి ఎక్కించే ముందు ఫ్యూజ్ వంటి ఎమ్యులేటర్‌లో (కొత్త కంప్యూటర్ మీద స్పెక్ట్రమ్‌లా నడిచే ప్రోగ్రాంలో) నడిపి చూడటం తెలివైన పని. అందులో 48కే యంత్రాన్నే ఎంచుకోండి.

రంగుల పట్టీ అంచు మెట్లు మెట్లుగా పక్కకు జారుతుంటే గీత మొత్తం 224 కాలేదన్నమాట. సున్నాలు 29 ఉన్నాయో లేవో లెక్కపెట్టండి. జారకుండా, ప్రతి గీతలోనూ ఒకే చోట రంగు మధ్యలో మారుతుంటే ఆరంభం తప్పింది. 78 అన్న బైటును ఒకటి పెంచితే 24 టీ-స్టేట్లు, అంటే 48 చుక్కల మేర జరుగుతుంది. తెర మీద చెత్త పడి యంత్రం మొదటికొస్తే 257 బైట్ల పట్టికో, 65021 దగ్గర మూడు బైట్లో తప్పి ఉంటాయి. చాలామంది 256 వేసి ఊరుకుంటారు, ఆ చివరి ఒక్కటి కూడా కావాలి.

128కే స్పెక్ట్రమ్ ఉన్నవారికి ఇదే కోడ్ యథాతథంగా పనిచేయదు. అందులో గీతకు 228 టీ-స్టేట్లు. సున్నాలు 30 చేయాలి, అప్పుడు గీతకు 44 బైట్లు. 78ని 79 చేయాలి. చివరి ఆరు బైట్లు 37005 దగ్గరికి జరుగుతాయి. ఆ యంత్రంలో రెండు తెరలు ఉంటాయి కాబట్టి వాటిని తెరకొకసారి మార్చి మార్చి చూపించి రంగులు కలిపే పద్ధతి కూడా ఉంది. సెకనుకు 25 సార్లు మినుకుమంటుంది. నాకు పది నిమిషాలకే కళ్లు లాగుతాయి, అందుకే ఆ దారి చెప్పడం లేదు.

బీబీసీ మైక్రో ఉన్నవారికి

1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పథకం కింద బడులకు ఇచ్చినవి బీబీసీ మైక్రో కంప్యూటర్లు. వాటి కథ వేరు. గడికి రెండు రంగులన్న బాధ లేదు, బేరం మరో చోట పెట్టారు. మోడ్ 0లో 640×256 చుక్కలు, రెండు రంగులు. మోడ్ 1లో 320×256, నాలుగు రంగులు. మోడ్ 2లో 160×256, ఎనిమిది రంగులు. మూడింటికీ 32కే మెమరీలో 20కే పోతుంది.

మన సూర్యోదయానికి మోడ్ 1 తీసుకోండి. నాలుగు రంగుల్లో ఒకటి ఆకాశానికి కేటాయించి, గీతలు దిగుతున్న కొద్దీ ఆ ఒక్కదాని అర్థం మార్చండి. రంగు మార్చే మామూలు ఆదేశం వీడీయూ 19 తెర మొత్తానికి మారుస్తుంది కాబట్టి మధ్యలో మార్చడానికి పనికిరాదు. నేరుగా 65057 చిరునామాలోని రంగుల పట్టీకి రాయాలి. మోడ్ 1లో ఒక్కో రంగుకూ నాలుగు సార్లు రాయాల్సి ఉంటుంది. సమయానికి వీఐఏ చిప్పులోని టైమర్ ఉంది, మైక్రోసెకనుకు ఒకటి చొప్పున లెక్కిస్తుంది, గీతకు 64. 1984 నాటి ఎలీట్ ఆటలో పైన సన్నని నలుపు తెలుపు గీతల అంతరిక్షం, కింద రంగుల మీటర్ల పలక ఒకే తెర మీద ఉండటం ఇలా మధ్యలో పద్ధతి మార్చడం వల్లనే. టీవీ 0,1 అన్న స్టార్ ఆదేశం ఇచ్చి తరవాత మోడ్ మారిస్తే గీతల వణుకు ఆగుతుంది. ఈ యంత్రానికి ఆర్‌జీబీ సాకెట్ వెనకే ఉంది. తగిన మానిటర్ దొరికితే కాంపోజిట్ బాధలన్నీ తప్పుతాయి. కానీ రంగులను కలిపిపెట్టే పాల్ సాయమూ దానితోనే పోతుంది.

చిప్పు మార్చే దారి, సేవ్ చేసే దారి

స్పెక్ట్రమ్‌లో యూఎల్‌ఏ బదులు యూఎల్‌ఏప్లస్ అనే అదనపు రంగుల పద్ధతి తెలిసిన కొత్త చిప్పు పెడితే 256 రంగుల్లోంచి 64 ఎంచుకోవచ్చు. 48955 పోర్టుకు రంగు సంఖ్య, 65339 పోర్టుకు రంగు విలువ పంపాలి. పాత యూఎల్‌ఏ బతికి ఉండగా దాన్ని పీకడం మాత్రం నాకు ఇష్టం లేదు. చెడిపోయిన యంత్రానికైతే అది సరైన మందు.

బొమ్మ సిద్ధమయ్యాక చుక్కలు, రంగులు కలిపి 16384 నుంచి 6912 బైట్లు ఒక ఫైలుగా, 32768 నుంచి 4147 బైట్లు మరొక ఫైలుగా సేవ్ చేయండి. 61000 దగ్గరి పది బైట్లు, ఇంటరప్ట్ పట్టిక, దాని ముందున్న మూడు బైట్లు బేసిక్‌లోనే డేటాగా ఉంచుకుంటే చాలు. రెండు ఫైళ్లూ కలిపి టేపు మీద నిమిషం పైచిలుకు. క్యాసెట్ రికార్డర్ లేకపోతే మైక్ సాకెట్ నుంచి వచ్చే ధ్వనిని పాత ల్యాప్‌టాప్‌లో వేవ్ ఫైలుగా రికార్డు చేసి ఫోనులోకి ఎక్కించుకోండి. తిరిగి లోడ్ చేసేటప్పుడు ఫోనును ఇయర్ సాకెట్‌కి కలిపి, శబ్దం పూర్తిగా పెంచి, ఈక్వలైజర్ తీసేసి, ఫోను మోగకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఎంపీ3గా మార్చకండి, లోడ్ కాకపోవచ్చు.